ఏడుస్తూ నిష్క్రమించును

"ఏడుస్తూ లోపలికి వెళ్ళవే! నాటకంలో అలాగే రాసుంది," రిహార్సల్లో దర్శకుడు మళ్ళీ అరిచాడు.

భార్య వేషం వేస్తున్న మేనకోడలు వేదిక మీంచి కదల్లేదు.

"నా కుట్టుమిషను అమ్మి తాగింది మొగుడైతే, ఏడుపు నాకెందుకు మామయ్యా?"

"వెళ్ళకపోతే వేషం ఇంకొకరికిస్తా. అయినా ఇక్కణ్ణుంచి నీకు డైలాగుల్లేవు. ఉండి ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యను. ఉంటాను."

"ఉండు, చూద్దాం! నువ్వు కానివ్వరా," అన్నాడాయన, భర్త వేషగాడితో.

తర్వాతి డైలాగులు, భార్య లోపలికి వెళ్ళాక భర్త స్నేహితుడి దగ్గర కొట్టే గొప్పలు. రోజూ అక్కడ మీసం మెలేసి మరీ రెచ్చిపోయేవాడు.

"దానిదేముందిరా! నాలుగు తగిలిస్తే అదే..." అంటూ ఆమెకేసి చూశాడు. ఆమె రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికే వచ్చి నీళ్ళు నమిలాడు.

దర్శకుడు తల పట్టుకున్నాడు. "నువ్వలా ఎదురుగా నిలబడితే వాడికి మాటెలా వస్తుందే?"

ఆమె ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఓహో! అందుకా మామయ్యా, నన్ను లోపలికి పొమ్మంటున్నారు?"

వేదిక మధ్యకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఊఁ, ఇప్పుడు చెప్పమనండి."