ఇంజిన్ మీద నాన్న

“అమ్మ చూడకుండా సంతకం చెయ్యనమ్మా” అని సూర్యం కలం కింద పెట్టేశాడు.

ప్రత్యూష మొహం చిన్నబోయింది. బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో ఒక ప్రకటనల కంపెనీలో ఆమెకు ఉద్యోగం. టీ పొడి ప్రకటన కోసం వాళ్లు ఒక పాత విదేశీ సినిమాలోంచి చిన్న ముక్క ఎంచుకున్నారు. అందులో ఆవిరి ఇంజిన్ మీద నిలబడ్డ, బొగ్గు వేసే ఫైర్‌మన్ మసి మొహంతోనే టీ తాగి, కెమెరా వైపు చూసి నవ్వుతాడు. ఎప్పుడో దొరలు బిలాస్‌పూర్ రైల్వే షెడ్‌కి వచ్చి తీసుకెళ్లిన బొమ్మ అది. సినిమా హక్కులున్న కంపెనీ ఒప్పుకుంది గానీ, మొహం స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి ఆ మనిషి కుటుంబం అనుమతి కూడా కావాలని మెలిక పెట్టింది. సాయంత్రంలోగా సంతకం అందకపోతే ఆ ముక్క తీసేస్తారు.

ఆ ఫైర్‌మన్ ఎవరో చెప్పింది షెడ్‌లో పనిచేసి ఎప్పుడో రిటైరైన, ఎనభై దాటిన ఆదినారాయణ. “అచ్ఛా, మన అమ్మన్న కాదేటి! ఆ నవ్వు చూడండి” అన్నాడట.

అమ్మన్న సూర్యం తండ్రి. అన్నతో పాటు ఆ షెడ్‌లోనే పనిచేసేవాడు. కొడుకు కడుపులో ఉండగానే పోయాడు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఏటా తద్దినంనాడు ఫొటో ఉండాల్సిన చోట పీట మీద కొబ్బరికాయ పెట్టి దణ్ణం పెట్టుకోవడమే. సూర్యానికి అరవై దాటాక ఇప్పుడు తండ్రి మొహం దొరికింది. ఆ వీడియో ఫోనులోకి వచ్చిన నాటినుంచి సూర్యం పొద్దున్నే దీపం వెలిగించి, ఫోను దేవుడి పక్కన నిలబెట్టి ఆ నవ్వు చూసుకుంటున్నాడు. అద్దం ముందు తనూ అలా నవ్వి చూసుకున్నాడు. అదే ముక్కు, అదే గడ్డం.

దేవుడి దగ్గర పెట్టుకున్న మొహాన్ని టీ పొడి అమ్ముకోడానికి ఇవ్వచ్చా? నాన్న ఉంటే ఏమనేవాడు? పోనీ కాదంటే, ఎవరికీ తెలియకుండా వెళ్లిపోయిన మనిషి మళ్లీ చీకట్లోకే పోతాడు కదా. ఎటూ తేలక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

పక్కనున్న గతౌరాలో కూతురింటికి వెళ్లిన సూర్యం తల్లి మంగాయమ్మ అప్పుడే ఆటో దిగింది. కొడుకు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి సంగతంతా చెప్పాడు. ఆమె నమ్మలేదు. “ఏటీ, మీ నాన్నా?” అని రెండుసార్లు అడిగింది. చెంగుతో కళ్లు తుడుచుకుని ముందుకు వంగింది.

ప్రత్యూష లాప్‌టాప్ తెరిచి ఆమె ఎదురుగా పెట్టింది. ఫైర్‌మన్ టీ తాగాడు. కెమెరా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు దగ్గర ప్రత్యూష బొమ్మను ఆపింది.

మంగాయమ్మ గభాలున లేచింది. మోకాళ్లు సహకరించకపోయినా మంచం కోడు పట్టుకుని లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, గోడ వారగా నడిచి వంటగది తలుపు చాటుకు వెళ్లిపోయింది.

ప్రత్యూష కళ్లు చెమర్చాయి. సూర్యం నవ్వి, కలం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఇన్నేళ్లకి కనపడితే నాన్న దగ్గర సిగ్గేటమ్మా?”

“ముందా పెట్టె ముయ్యరా” అంది మంగాయమ్మ తలుపు చాటునుంచి గొంతు తగ్గించి. “మీ పెదనాన్నగారి ఎదట నన్ను మంచమ్మీద కూర్చోబెడతావేట్రా?”