అర మైలు లోపు కిరాణా

వెర్లీన్ వెళ్లేసరికి ముసలి డూలీ తన కిరాణా కొట్టు తలుపుకి ‘మూసేస్తున్నాం’ అని కాగితం అంటిస్తున్నాడు.

పేదలకు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు కట్టడానికి ఆమె సంస్థ మూడేళ్లుగా రాష్ట్రాన్ని పన్ను రాయితీ అడుగుతోంది. అది వస్తేనే ఎవరైనా పెట్టుబడి పెడతారు. ఆ దరఖాస్తులకు మార్కులు వేస్తారు. స్థలానికి అర మైలు లోపు కిరాణా కొట్టు ఉంటే అదనపు మార్కులు. క్లీవ్‌లాండ్‌లోని ఈ తూర్పు పేటలో మిగిలింది డూలీ కొట్టొక్కటే. నిరుడు ఒక్క మార్కు తేడాతో రాయితీ చేజారింది; ఈ ఏటి నిర్ణయం ఇంకో నెలలో.

అందుకే కొట్టు మూతపడకూడదని ఆమె ప్రతి శనివారం ఇక్కడే కొనేది. వాడిపోయిన క్యాబేజీ, సొట్టలు పడ్డ బీన్స్ డబ్బాలు. సగం చెత్తబుట్టకే. కారణం మాత్రం ఎన్నడూ చెప్పలేదు. జాలిపడి కొంటోందనుకుని ముసలాయన నొచ్చుకుంటాడని.

“ఒక్క నెల ఆగండి డూలీ గారూ.”

“మోకాళ్లు అరిగిపోయాయమ్మా. రెండు చలికాలాల కిందటే మూసేద్దామనుకున్నా.”

“మరి మూయలేదేం?”

“ఎవరూ ముట్టని కుళ్లు క్యాబేజీ నువ్వొక్కదానివే పట్టుకుపోతుంటే ఎలా మూయను? పాపం, మంచి సరుకు కొనే స్తోమత లేదేమో అనుకున్నా.”

డూలీ నిట్టూర్చి కాగితం పీకేశాడు.

“ఆ మూల ఏవో చవకద్దె ఇళ్లు కడతారట. ముందే పోయి పేరు రాయించుకో తల్లీ. నీకో వాటా దొరికేదాకా కొట్టు మూయన్లే.”