మంచు లేని వాలు

“ఎడమకి! బరువు కుడికాలి మీద వెయ్యి. మోకాలు ముందుకు... ఇంకా ముందుకు!”

తండ్రి ముందు జారిపోతూ అరుస్తున్నాడు. కళ్ళకు నల్లగుడ్డ కట్టుకున్న కూతురు ఆ గొంతును పట్టుకుని వెనకాలే వస్తోంది. ఇద్దరి కాళ్ళకూ చక్రాల స్కేట్లు ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలై మూతబడ్డ మిల్లు గేటు దాకా దిగే ఆ తారురోడ్డు మీద బళ్ళు తిరగడం ఎప్పుడో మానేశాయి. మంచు కరిగిపోయిన నెలల్లో, కాళ్ళు స్కీయింగ్ మరిచిపోకుండా ఊళ్ళోని ఆటగాళ్ళందరూ అక్కడే సాధన చేస్తారు. కళ్ళకు గంతలు కట్టుకుని మాత్రం ఎవరూ చెయ్యరు.

మిల్లు గోడ దగ్గర మలుపులో పిల్ల కాలు తడబడింది. పడి కొంతదూరం ఈడ్చుకుపోయింది.

“నువ్వు ఆలస్యంగా చెప్పావు,” అంది గుడ్డ విప్పకుండానే.

“నేను సరిగ్గానే చెప్పాను. నువ్వే వినలేదు. లే.”

“మోచెయ్యి దోక్కుపోయింది నాన్నా. నెత్తురొస్తోంది.”

“వస్తే వచ్చిందిలే. లేచి నిలబడు పిచ్చుకా.”

పదహారేళ్ళొచ్చినా ఆమెను ఆ ముద్దుపేరుతోనే పిలుస్తాడు. పిలుపులో ఉన్న ముద్దు నేర్పేటప్పుడు మచ్చుకైనా కనిపించదు. పిల్ల పళ్ళు బిగించి లేచింది.

ఇదంతా గేటు దగ్గర నిలబడి జట్టు కోచ్ చూస్తూనే ఉన్నాడు. ఒకప్పుడు ఆయనా, పిచ్చుక తండ్రీ ఒకే జట్టులో పోటీలకు వెళ్ళినవాళ్ళు. మోకాలు విరిగాక తండ్రి ఆట మానేసి, స్కీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు.

“ఒరేయ్, ఇలా రా,” అని కోచ్ అతన్ని పక్కకు లాక్కెళ్ళాడు. “జట్టులోంచి పిల్ల పేరు తీసెయ్యమని సంఘం ఆఫీసులో నువ్వే చెప్పావట. నిజమేనా?”

“నిజమే.”

“మతి గాని పోయిందా నీకు? మొన్నటి చలికాలం దారిలో గుర్తుగా పాతిన కర్రను గుద్దుకుని పడిందనా? ఆ వయసులో నువ్వు పడలేదా, నేను పడలేదా?”

“దానికింకా చెప్పలేదు. నువ్వు నోరు జారకు.”

“పోటీలకే పంపనివాడివి, మరి రోజూ ఇలా ఎందుకురా చావగొడుతున్నావ్?”

తండ్రి రోడ్డువారన కూర్చుని స్కేటు పట్టీ విప్పుకుంటున్నాడు.

“నీ మోకాలి కసి పిల్ల మీద తీర్చుకోకు. పాపం తగులుతుంది,” అనేసి కోచ్ వెళ్ళిపోయాడు.

తల్లి సిటీ బస్సు నడుపుతుంది. ఆ రోజు డ్యూటీ దిగి వచ్చేసరికి కూతురు సోఫాలో మోచేతికి కట్టుతో నిద్రపోతోంది. ఆమె యూనిఫాం కూడా మార్చుకోకుండా వంటింట్లో ఉన్న భర్త దగ్గరికి నడిచింది.

“ఇంకెన్నాళ్ళు దాస్తారండీ?”

“చెప్తాను.”

“పోయిన వారమూ ఇదే మాట. మీకు నోరు రాకపోతే నేనే చెప్తా.”

“నువ్వు చెప్పగలవా?”

ఆమె కుళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడగసాగింది.

“ఆ గోడ దగ్గరి మలుపు కూడా పట్టుబడనీ,” అన్నాడతను నెమ్మదిగా. “దాని చేతిలో ఏదో ఒకటి పెట్టి చెప్దాం. ఉత్త చేతులతో వెళ్ళి ఎలా చెప్పను?”

తల్లికి సెలవు దొరికిన రోజు ముగ్గురూ కలిసి వెళ్ళారు. తల్లి మిల్లు గేటు దగ్గర నిలబడింది. పైనుంచి భర్త గొంతు వినిపిస్తూ దిగుతోంది. “ఎడమకి... కుడికి... చేతులు ముందుకు...” ఉన్నట్టుండి ఆ గొంతు ఆగిపోయింది. అతను నోరు తెరుస్తున్నాడు గానీ మాట బయటికి రావడం లేదు. ముందున్నది ఆ గోడ దగ్గరి మలుపే.

పిల్ల తల కాస్త పక్కకు వంచింది. ముందు దొర్లుతున్న చక్రాల చప్పుడు విని, దాని వెంటే ఒంగి, గోడను ఒరుసుకోకుండా, ఒడుపుగా తిరిగింది. అలాగే జారుతూ వచ్చి తల్లి చేతుల్లో పడింది.

“బాగా దిగావు,” అన్నాడు తండ్రి, మొహం తుడుచుకుంటూ.

పిల్ల గుడ్డ విప్పుకుంటూ నవ్వింది. “అమ్మా, గొడుగు తెచ్చావా? నాన్న నన్ను మెచ్చుకున్నాడు, ఇక వాన కురిసి తీరుతుంది.”

తల్లి నవ్వలేకపోయింది. భర్త వంక చూసింది. అతను కూతుర్ని గోడవార నీడలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“పిచ్చుకా, నీకో మాట చెప్పాలి. జట్టులోంచి నీ పేరు నేనే తీయించాను.”

“తెలుసు. జట్టులోవాళ్ళు చెప్పారు.”

“కోపం రాలేదా?”

“రాకేం? అలిగి అన్నం కూడా మానేశాను. నువ్వు కొట్లోంచి వస్తేగా, తెలియడానికి!”

“ఎందుకు తీయించానంటే...” అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగిపోయాడు. తల్లి మొహం పక్కకు తిప్పుకుంది.

పిల్ల అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. స్కీల అంచులు సానబెట్టి బండబారిన చెయ్యి అది. దాన్ని చూసింది. అమ్మ మొహం చూసింది. వాలు మీద పరుచుకున్న సాయంత్రపు ఎండను చాలాసేపు చూసింది.

“చూపు పూర్తిగా పోయాక కూడా ముందు నువ్వే ఉంటావుగా, నాన్నా?”