జారిన పత్తిపువ్వు

“మీ అమ్మ కనిపెట్టేసిందంటావా?” షవ్కత్ గుసగుసగా అడిగాడు.

“నోరు మూసుకుని కూర్చోండి,” అంది భార్య దిల్ఫూజా.

అత్తగారి పత్తిపూల టీ కూజాను పగలగొట్టింది అతనే. తాష్కెంటు బజారులో తెల్ల కూజా కొని, తన బొమ్మ విమానాల కోసం అచ్చేసుకునే, నీళ్ళలో నానబెట్టి అంటించే స్టిక్కర్ల మీదే పత్తిపూలు అచ్చేసి దానికీ అంటించాడు.

అత్తగారు ఆచారం ప్రకారం కప్పులో పోసిన టీని మళ్ళీ కూజాలోకి తిరగబోస్తోంది. టీ తొణికింది. ఒక పువ్వు మెల్లగా జారి ఆవిడ బొటనవేలి మీద కూర్చుంది.

“అల్లుడూ, పైన వార్నిషు వెయ్యలేదా?”

“అత్తయ్యా, అది...”

“మీ మామగారు వేశారు. అందుకే ఆయన అంటించినవి నువ్వు పగలగొట్టేదాకా చెక్కుచెదరలేదు.”

“మామయ్య అంటించారా?!”

“అసలు కూజా పగలగొట్టింది ఆయనే. నాకు తెలీదనుకునే పోయారు, పాపం.”