కింది వాటావాళ్ళు

“అదిగో, మళ్ళీ కొట్టాడు!” అంది డాక్టరమ్మ ఆడపడుచు, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి.

స్పానిష్ క్లబ్బు మొత్తం ఊపిరి బిగబట్టింది. నిజమే. ధన్, ధన్, ధన్. పైన వీళ్ళు మడమలతో నేలని ఎన్ని దెబ్బలు కొడితే, కింది వాటాలోంచి అన్ని దెబ్బలూ తిరిగి వస్తున్నాయి.

“చీపురుకర్రతో పైకప్పు పొడుస్తున్నట్టున్నాడు,” అన్నాడు బస్సు కండక్టరు. “లెక్క కూడా తప్పడం లేదు డాక్టరమ్మా. బాకీ ఉంచుకునే మనిషి కాదు.”

పళ్ళ డాక్టరమ్మకి నవ్వు రాలేదు. క్లబ్బు పెట్టింది ఆవిడే. వారమంతా నోరు తెరిచి కూడా ఒక్క మాట మాట్లాడలేని మనుషులతో గడిపి, శనివారం సాయంత్రం కోసం ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంటుంది. కాసేపు స్పానిష్‌లో కబుర్లు, ఆపైన ఫ్లమెంకో నాట్యం. భాషలో ఆవిడవి ఇంకా తప్పటడుగులే కానీ, నాట్యంలో మాత్రం నేల దద్దరిల్లాల్సిందే. ఆ దద్దరిల్లడం వల్లే ఇప్పటికి రెండు గదులు పోయాయి. ఈ గది ఇస్తూ ఇంటాయన ఒకటే మాట చెప్పాడు. కింది వాటావాళ్ళు నోరు విప్పిన రోజున వీళ్ళు సామాను సర్దుకోవాలి. ఇదీ పోతే ఊళ్ళో వీళ్ళకి అద్దెకిచ్చే ధైర్యవంతుడు ఇంకెవడూ లేడు.

ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే కింది వాటా మీసాలాయన ఎదురుపడనే పడ్డాడు. ఆ మీసాలు చూస్తేనే డాక్టరమ్మకి సగం ప్రాణం పోయింది.

“ఆ చప్పుడు మీదేనామ్మా?”

“మాదేనండీ. తప్పయిపోయింది.”

“వారానికి ఒక్కరోజేనా?”

“ఒక్కరోజేనండీ, ఒట్టు!”

“అది కాదమ్మా, అసలే మా ఆవిడకి...”

గుండెజబ్బో, బీపీనో! ఆ మిగతా మాట వినే ధైర్యం లేక డాక్టరమ్మ పరుగులాంటి నడకతో వీధిలో పడింది.

తర్వాతి శనివారం అందరి చేతా చెప్పులు విప్పించింది. నేల మీద దుప్పట్లు పరిచింది. దుప్పటి మీద వట్టికాళ్ళతో ఫ్లమెంకో అంటే పెదవి కదపకుండా పాట పాడడమే. అయినా సరే, గది దక్కితే చాలనుకుంది.

కింద దెబ్బలు ఆగలేదు. పైగా ఈసారి తడబడ్డాయి. ఒకటి ముందుగా, ఒకటి వెనగ్గా, మధ్యలో ఏదో దభేలుమని పడ్డ చప్పుడు.

“కుర్చీ విసిరేశాడు వదినా!” అంది ఆడపడుచు.

“కోపంతో ఒళ్ళు తెలియడం లేదు పాపం,” అన్నాడు కండక్టరు.

ఇక లాభం లేదని ఆ పై వారం నాట్యమే మానేశారు. గుండ్రంగా కూచుని స్పానిష్ క్రియాపదాలు గుసగుసగా వల్లించారు. స్టాపుల పేర్లు అరిచి అరిచి ముదిరిన గొంతు కండక్టరుది. దాన్ని గుసగుసలోకి దించడానికి ఆయన పడుతున్న పాట్లు చూసి మరో రోజైతే అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు. డాక్టరమ్మకైతే ఏడుపొక్కటే తక్కువ.

కింద కూడా నిశ్శబ్దం.

“చూశావా వదినా, చల్లబడ్డాడు,” అంది ఆడపడుచు.

ఆ మాట పూర్తయిందో లేదో, మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. తలుపు ధడాలున తెరుచుకుంది. మీసాలాయన! వెనకాలే ఆయన భార్య. ఆవిడకి గుండెజబ్బు ఉన్నట్టేం లేదు. క్లబ్బు మొత్తాన్ని ఒంటిచేత్తో ఎత్తి వీధిలో పడేసేలా ఉంది.

“ఏమిటమ్మా ఇది?” అన్నాడాయన, రొప్పుతూ.

డాక్టరమ్మ చేతులు జోడించింది. “అన్నయ్యగారూ, ఇవాళ కాలు కూడా కదపలేదండీ! దయచేసి ఇంటాయనకి చెప్పకండి. ఇకమీదట ఆడం. ఈ జన్మలో ఆడం.”

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ మొగుణ్ణి పక్కకి నెట్టి ముందుకొచ్చింది.

“మీరు ఆపేస్తే కింద మేమెలా ఆడేది?”