గుంటల కామాక్షయ్య

నెల్లూరులో సభ జరిగే హాలు మెట్లు ఎక్కేసరికే కామాక్షయ్యకి ఆయాసం వచ్చింది. చిట్టమూరు నుంచి బస్సులో నిలబడే వచ్చాడు. కారు పోయాక బస్సుకి మనసు సర్దుకుంది గానీ ఒళ్లు ఇంకా సర్దుకోలేదు.

పొద్దున బయల్దేరుతుంటే అక్క గురవమ్మ అడ్డం నిలబడింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

“ఏం మొహం పెట్టుకోని పోతావురా? ఆ పొద్దు అందరి ముందరా అన్ని మాటలంటివే!”

“చూసి వచ్చేస్తాలేక్కా.”

లోపల పర్యావరణ శాస్త్ర గౌరవ సంఘం వార్షిక సభ. చదువులోనూ పనిలోనూ మేటి అనిపించుకున్నవాళ్లని ఏటా అందులో సభ్యులుగా చేర్చుకుంటారు. ఈసారి విద్యార్థుల్లో స్వర్ణ ఒక్కతికే ఆ గౌరవం దక్కింది.

కామాక్షయ్య రొయ్యల గుంటల్ని మూయించింది ఆ పిల్లే.

గుంటల మురుగునీళ్లు కాలువలో కలిసి పులికాట్ సరస్సుకి పోయేవి. చేపలు చచ్చి తేలాయి. జాలరి పల్లెలో బావినీళ్లు నోట పెట్టనివ్వలేదు. స్వర్ణ ఆ నీళ్లు సీసాలకి పట్టి పరీక్షలు చేయించింది. అధికారులకి ఫిర్యాదు పెట్టింది. అన్నాళ్లు గట్ల మీద తిరిగినా కాపలావాళ్లలో ఒక్కడూ ఆ పిల్లని ఎందుకని అడగలేదు.

గుంటలకి తాళాలు పడ్డ రోజు కామాక్షయ్య ఊగిపోయాడు. “మళ్లీ నా కంటబడితే కాళ్లు ఇరగ్గొడతా” అని స్వర్ణ మీదికి పోయాడు.

ఆ తర్వాత కోపం కూడా అలిసిపోయింది. ఎండిన గుంటల చుట్టూ తిరగడం, ఇంటికొచ్చి మంచం మీద వాలడం. ఇంతే మిగిలింది.

చివరి వరుసలో కూర్చోబోతుంటే హెన్రీ చూశాడు. స్వర్ణకి పాఠాలు చెప్పే లెక్చరరు. తాళాలు వేసిన రోజు ఆ పిల్ల పక్కనే ఉన్నాడు. గబగబా వచ్చాడు.

“కామాక్షయ్య గారూ, దయచేసి ఇక్కడ గొడవ చెయ్యొద్దు. మీ మాటలకి ఆ అమ్మాయి హాస్టల్లో ఎంత ఏడ్చిందో తెలుసా?”

కామాక్షయ్య మొహం తిప్పుకున్నాడు. “గొడవ చేసే ఓపిక యాడుంది సార్. కాసేపు కూర్చోనీండి.”

హెన్రీ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు, ఎందుకైనా మంచిదని.

వేదిక మీద స్వర్ణ ప్రమాణం చదివింది. చిక్కిపోయింది అనుకున్నాడు కామాక్షయ్య.

సంఘం అధ్యక్షురాలు మైకు అందుకుంది. “కొత్త సభ్యులకి ఇంటివాళ్లే బ్యాడ్జి పెట్టడం మన ఆనవాయితీ. స్వర్ణ తరఫున ఎవరొచ్చారు?”

హాల్లో ఎవరూ కదల్లేదు.

“ఎవరూ రాలేదు మేడం. మీరే పెట్టండి” అంది స్వర్ణ, తల ఎత్తకుండా.

కామాక్షయ్య లేచాడు. వేదిక వైపు నడవబోయాడు. హెన్రీ గభాలున చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

“చెప్పాను కదండీ! ఆ పిల్ల జోలికి పోవద్దు.”

“చెయ్యి వదలండి సార్, దానికి నాయన్ని నేనే.”