ఎదురెదురు డబ్బాలు

"రోజంతా కండ్ల ముందే ఉండాలె తమ్మీ. పొద్దుగాల తొమ్మిదింటి సంది పొద్దుగూకే దాక."

సదయ్య ఆ మాట అనడం అది రెండోసారి. గోదావరిఖని చౌరస్తాలోని ఆ కంప్యూటర్ దుకాణంలో ఇంకెవరూ లేరు. అయినా గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు.

అతను బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. మూడు నెలలుగా సిక్ లీవులో ఉన్నాడు. సెంటినరీ కాలనీలో క్వార్టర్. రోడ్డుకు అవతల, కాస్త దూరంలో భార్య రాజకుమారి కుట్టు దుకాణం. ఇంటికీ దుకాణానికీ నడుమ వైరు లేకుండా కెమెరా బొమ్మ నడవాలి. అతను అడుగుతున్నది అదే.

"దుకాణంల దొంగలు పడ్డరా అన్నా?" అన్నాడు కంప్యూటర్ దుకాణం నడిపే నౌమాన్.

"దొంగలెక్కడియి. నాకు కావాలె, గంతే."

నౌమాన్‌కు ఒళ్లు మండింది. బేరం బేరమే, కానీ రాజకుమారి అతనికి అక్కలాంటిది. చెల్లెలు బుష్రాకు మిషను కుట్టడం నేర్పింది ఆమే. పనిలేక ఇంట్లో కూర్చున్న మగవాళ్లకు పుట్టే అనుమానాలు అతనికి తెలియనివి కావు.

కోపం మింగి బేరం చెప్పాడు. "మామూలు వైఫై డబ్బా గంత దూరం పోదు. మీ ఇంటి మిద్దె మీద ఒకటి, కుట్టు దుకాణం మిద్దె మీద ఒకటి పెట్టాలె. ఎదురెదురుగ, నడుమ అడ్డం లేకుండ. వైర్‌లెస్ బ్రిడ్జి అంటరు."

"అగ్గువ ధరది ఉందా?"

"ఉంది. కని దానికి తాళం సక్కగలేదు. కాలనీల ఎవడన్నా పట్టుకొని మీ బొమ్మ చూడొచ్చు."

సదయ్య ముఖం మారిపోయింది. "గది వద్దు. ఎవ్వలు చూడద్దు. ఎవ్వలికి తెల్వద్దు."

"అయితే గీ నడిమి రకం తీసుకో. పాస్‌వర్డు గట్టిది. ఎండకు, వానకు, బొగ్గు దుబ్బకు ఆగుతది. కిలోమీటర్లు పోయే పెద్దది మనకెందుకు?"

"గిదే ఇయ్యి."

"ఆర్డరు పెట్టాలె. నెల పడ్తది." అబద్ధమాడాడు నౌమాన్.

సదయ్య లేచి నిలబడ్డాడు. "గీ వారంలనే కావాలె. లేకుంటే కరీంనగర్ పోత."

కరీంనగర్ నుంచి ఎవడో వచ్చి బిగిస్తే అక్కకు చెప్పేవాళ్లు కూడా ఉండరు. నౌమాన్ ఒక్క క్షణం ఆలోచించాడు.

"కూసో అన్నా. నేనే వస్త."

బుధవారం పొద్దున వెళ్లాడు. ముందు ఇంటి మిద్దె. సదయ్య నిచ్చెన దగ్గరికి కూడా రాలేదు. "నువ్వే ఎక్కు," అని వాకిట్లో గోడ పట్టుకుని నిలబడ్డాడు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు మాత్రం నౌమాన్‌ను అటు తిరగమన్నాడు.

"కెమెరా, తెర నేను పెట్టుకుంట. నువ్వు డబ్బాలు కలుపు, చాలు."

రెండో డబ్బా బిగించడానికి కుట్టు దుకాణానికి వెళ్లినప్పుడు రాజకుమారి ఒక్కతే ఉంది. జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తోంది.

"అక్కా, అన్న కెమెరా పెట్టిస్తుండు. నీకు ఎర్కేనా?"

సుద్ద ఆగింది. "ఎర్కే తమ్మీ."

"నీకు ఇష్టమేనా?"

ఆమె తలెత్తలేదు. "దుకాణం మూసి ఇంటికాడనే ఉంటనన్న. ఇనలే. ఇగ నేనేం చెయ్యాలె?"

"వద్దను. ఏదో వంక చెప్పి నేను ఎల్లిపోత."

"వద్దు!" రాజకుమారి ఉలిక్కిపడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "గట్టిగ బిగియ్యి. నడుమల ఆగద్దు. నీకు దండం పెడ్త."

ఇంత భయపెట్టి పెట్టాడా మనిషిని! నౌమాన్ పళ్లు బిగబట్టి పని ముగించాడు.

ఐదో రోజు పొద్దున సదయ్య ఫోన్. "గాలికి కదిలినట్టుంది తమ్మీ. ఆగుకుంట నడుస్తుంది. జల్ది రా."

నౌమాన్ కుట్టు దుకాణం లోపలికి పోలేదు. బయటి మెట్ల మీదుగా నేరుగా మిద్దె ఎక్కాడు. డబ్బా నిజంగానే కాస్త పక్కకు జరిగింది. పానాతో నట్టు వదులు చేశాడు. చేతిలో డబ్బా అటూ ఇటూ తిరుగుతోంది.

ఇంకో నాలుగు వేళ్లు పక్కకు తిప్పితే చాలు. కాలిపోయిందని చెప్పొచ్చు. ఈ రకం ఇక దొరకదని చెప్పొచ్చు. అక్క ఊపిరి పీల్చుకుంటుంది.

తిప్పేశాడు. నట్టు బిగించడం మొదలుపెట్టాడు.

"తమ్మీ! ఆగిపోయింది!" కింది నుంచి రాజకుమారి కేక.

నౌమాన్ నట్టు తిప్పుతూనే ఉన్నాడు.

"తమ్మీ! నీ కాళ్లు మొక్కుత! జల్ది చూడు!"

ఆ గొంతులో భయం విని అతను పానా ఆపాడు. ఈ డబ్బా ఆగితే సాయంత్రం ఇంట్లో ఆమెకు ఏం జరుగుతుందో! తాను చేసేది సాయమేనా? నట్టు మళ్లీ వదులు చేశాడు. డబ్బాను ఎదుటి మిద్దె వైపు సరిగ్గా నిలిపి బిగించాడు. పచ్చ లైటు వెలిగింది.

కింద కత్తెర నేల మీద పడిన చప్పుడు. వెంటనే గుండెలు అవిసేలా ఒక అరుపు.

నౌమాన్ పిట్టగోడ మీంచి వంగి చూశాడు. రాజకుమారి చెప్పులు లేకుండా, ఎదురొస్తున్న ఆటోను కూడా చూడకుండా రోడ్డు దాటి క్వార్టర్ వైపు పరుగెత్తుతోంది. అతను రెండేసి మెట్లు దూకుతూ దిగి దుకాణంలోకి వచ్చాడు.

మిషను పక్కన చిన్న తెర వెలుగుతోంది. అందులో, తన ఇంట్లో తన మీదే పెట్టుకున్న కెమెరా ముందు, సదయ్య మూర్ఛ వచ్చి నేల మీద కొట్టుకుంటున్నాడు.